నెత్తిమీద కొంగు

మూడో చీర కూడా జారింది.

బసమ్మ గడప మీద కూర్చుని చూస్తోంది. ఆమెకు చదువు రాదు. అయినా కోడలు జొన్నల గది తలుపు మీద సుద్దతో ఎన్ని అక్షరాలు రాసేసరికి నెత్తిమీది కొంగు జారిందో లెక్కపెట్టడానికి చదువు అక్కర్లేదు.

“నైలెక్సుది నాలుగక్షరాలకే జారె. పట్టుది ఆరు. ఇల్కల్ చీర తొమ్మిదిదాంక ఆగింది,” అంది. “జర చెయ్యి కిందికి పెట్టి రాయరాదే?”

“కింద రాస్తే ఎనక బెంచీలోళ్లకు కనవడదు అత్తమ్మా.”

“అయితే మెల్లగ రాయి.”

“మెల్లగ రాస్తే ముందల బెంచీలోళ్లు నిద్రపోతరు.”

శరణమ్మ తడిగుడ్డతో తలుపు తుడిచింది. రేడియోలో ఏడు గంటల వార్తలు అయిపోయాయి. స్కూల్లో ఇంటర్వ్యూ పదకొండింటికి.

బసమ్మ లేచి, తన కొప్పులోంచి రెండు పిన్నులు తీసి, కోడలి కొంగును జుట్టుకు గుచ్చింది. “ఇగ రాయి. ఎట్ల జారుతదో చూస్త.”

శరణమ్మ చెయ్యి లేపింది. కొంగు జారలేదు. కానీ చెయ్యి పైకి పోయినకొద్దీ కొంగు జుట్టును లాగింది, జుట్టు మెడను లాగింది. ఒక మాట పూర్తయ్యేసరికి ఆమె ముఖం ఇంటి దూలాల వైపు తిరిగి ఉంది.

బసమ్మకు నవ్వాగలేదు. నవ్వాక, సోమవారం నుంచి ఈ ఇంట్లో ఎవరూ నవ్వలేదని గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సోమవారం హైస్కూలు కమిటీ మీటింగులో దరఖాస్తుల జాబితా చదివింది బసమ్మ భర్త మహాదేవప్పే. స్కూలుకు జాగా ఇచ్చింది ఆయన. కమిటీలోని ఐదు కుర్చీల్లో ఒకటి ఆయనది. తెలుగు టీచరు ఉద్యోగానికి మూడు పేర్లు వచ్చాయి. “కోహీరు, చెన్నబసప్ప కూతురు భాగీరథి, బి.ఏ., పండిత ట్రైనింగు” అని చదివి, “ఈమె సదువు బాగున్నది, తప్పక పిలువున్రి” అని తనే అన్నాడు.

భాగీరథి అంటే ఆయన కోడలే. పెళ్లినాడు పళ్లెంలో బియ్యం పోసి, అందులో కొత్త పేరు రాయించి, ఆమెను శరణమ్మగా ఇంట్లోకి తెచ్చుకున్నదీ ఆయనే. ఎనిమిదేళ్లలో ఆ పాత పేరు ఈ ఇంట్లో ఎవరూ పలకలేదు. చెన్నబసప్ప అనే పేరుగలవాళ్లు కోహీరులోనే నలుగురున్నారు. ఆ సాయంత్రం హెడ్మాస్టరు రామ్‌కిషన్ నవ్వుతూ “మీ కోడలు అంత సదివిందని మాకు తెల్వనే తెల్వదు” అనేదాకా తాను చదివింది కోడలి పేరేనని మహాదేవప్పకు తట్టలేదు.

ఆ సాయంత్రం నుంచి ఆయన ఇంట్లో అన్నం తినడం లేదు. కేకలేమీ వేయలేదు. జొన్నరొట్టెలు మూట కట్టించుకుని అల్లం తోటకు పోతున్నాడు, చీకటి పడ్డాక వచ్చి అరుగు మీద పడుకుంటున్నాడు.

శరణమ్మకు వచ్చే నెలలో ముప్ఫై నిండుతాయి. ముప్ఫై దాటితే ఈ కొలువుకు దరఖాస్తే తీసుకోరు.

*

పూజ ముగించుకుని, నుదుట విభూతి ఆరకముందే, మహాదేవప్ప అరుగు మీదికి వచ్చాడు. బసమ్మ రొట్టెల మూటతో బయటికి వెళ్లింది. శరణమ్మ తలుపు వెనక నిలబడింది. మామగారు ఉన్నచోట ఆమె ఉండే చోటు అదే.

“జొన్నల గది తలుపు మీద ఆ గీతలేంది?” అన్నాడాయన.

“పాఠం,” అంది బసమ్మ.

“ఎవరికి?”

“నాకు. నేను గూడ నౌకరికి పోదామనుకుంటున్న.”

ఆయన మూట అందుకోలేదు. బసమ్మ దాన్ని ఆయన పక్కన పెట్టి స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

“మూడొద్దుల సంది పొలంల కూసొని తింటున్నవు. ఇంట్ల అన్నం చేదైందా?”

“నేనేమన్న అన్ననా?”

“అనవు. అదే నా రంది. పొమ్మను. లేకుంటే వద్దను. ఒక్క మాట.”

ఆయన వీధిలోకి చూశాడు. ఎదురింటి గుండయ్య ఎద్దులకు నీళ్లు పెడుతున్నాడు. రెండు ఎద్దులూ తాగడం పూర్తయ్యేదాకా అరుగు మీద మాట లేదు.

“పోనీ ఇయ్యాల నువ్వే పోకు,” అంది బసమ్మ. “జ్వరమని చెప్పు.”

“నాకు జ్వరం లేదు.”

“తెచ్చుకో. నీకు రానిదేమున్నది?”

“ఏడేండ్ల సంది ఒక్క మీటింగు తప్పలె నేను. ఇయ్యాల తప్పితే ఏమంటరు? కోడలి మొకం చూడలేక దాసుకున్నడంటరు. పోయి కూసుంటే ఏమంటరు? కూసొని నౌకరి ఇప్పిచ్చుకున్నడంటరు.”

“నీ మనసుల ఏమున్నదో అది చెప్పు. ఊరోళ్లది నాకెందుకు?”

తలుపు వెనక శరణమ్మ తన చేతికి అంటిన సుద్దను చూసుకుంటోంది.

“వస్తే రానీ,” అన్నాడాయన చివరికి. “ఇంట్ల ఎట్లుంటదో అట్ల రమ్మను. నెత్తిమీద కొంగుతోని.”

మూట తీసుకుని లేచి వెళ్లిపోయాడు. చెప్పులు వేసుకోవడం మరిచి నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి వేసుకున్నాడు.

బసమ్మ లోపలికి వచ్చింది. “విన్నవా?”

“విన్న.”

“నెత్తిమీద కొంగుతోని రమ్మన్నడు.”

“విన్న అంటున్న గద అత్తమ్మా.”

“నేను చెప్పాలె గదనే. నేను చెప్తెనే ఆయన చెప్పినట్టు.”

ఎనిమిదేళ్లుగా అంతే. ఆయన మాట బసమ్మకు చేరుతుంది, బసమ్మ నుంచి కోడలికి చేరుతుంది. జవాబు అదే దారిన వెనక్కి పోతుంది. ఒకసారి ఇంట్లోకి తేలు వచ్చినప్పుడు కూడా అలాగే జరిగింది. తేలు ఎటు పోయిందో కోడలు అత్తకు చెప్పి, అత్త మామకు చెప్పేసరికి అది బయటికి పోయింది.

*

శరణమ్మ భర్త విరూపాక్ష బస్టాండు దగ్గర హెడ్మాస్టరును కలిసి ఎనిమిదిన్నరకు వచ్చాడు. వస్తూనే మంచం మీద పరిచి ఉన్న చీరల వైపు చూశాడు. నీలం పూల నైలెక్సు చీర అన్నిటికంటే అడుగున ఉంది. పోయిన నెల పట్నం నుంచి తెచ్చింది అతనే.

“అది కట్టవా?” అన్నాడు భార్యతో.

“నాలుగక్షరాలకు జారింది.”

“ఏం జారింది?”

బసమ్మ చెప్పింది. మామ మాట కూడా చెప్పింది. విరూపాక్ష మంచం పట్టె మీద కూర్చున్నాడు.

“అవ్వా, అది కాదు. సంగారెడ్డి నుంచి వచ్చే ఇన్‌స్పెక్టరమ్మ మస్తు కడక్ అట. రామ్‌కిషన్ సారు చెప్పిండు. పోయిన నెల ఓ బళ్లె ఒకామె గిట్లనే కొంగు కప్పుకొని పాఠం చెప్పిందట. అరగంటల ఇరవై సార్లు సర్దుకున్నదట. ‘ఒక చెయ్యి కొంగుకే పోతే, పిల్లలకు ఎన్ని చేతులు మిగిలినయమ్మా’ అని ఇంటికి పంపిచ్చిందట.”

“పిన్నులు పెడ్తె?” అన్నాడు మళ్లీ తనే.

“పెడ్తె దూలాలకు పాఠం చెప్పాలె,” అంది శరణమ్మ.

విరూపాక్ష గొంతు తగ్గించాడు.

“ఇట్ల చెయ్యి. ఇంట్లకెంచి కొంగు కప్పుకొనే పో. గదిల తీసెయ్. మళ్ల బయటికొచ్చేటప్పుడు కప్పుకో.”

“గదిల మామయ్య ఉంటరు గద.”

“ఉంటడు.”

“మరి ఎవరి కోసం కప్పుకునేది, గోడల కోసమా?”

“నన్నేం జెయ్యమంటవు?”

“మీ నాయినతోని మీరే చెప్పున్రి. కొంగు లేకుంట వస్తదని.”

“నేనెట్ల చెప్త?”

“నేనెట్ల చెప్త? నేను ఆయనతోని మాట్లాడనే మాట్లాడ గద.”

విరూపాక్ష నైలెక్సు చీర అంచును వేలితో రాస్తూ కూర్చున్నాడు. అతను చెడ్డవాడు కాదు. దరఖాస్తు తానే పోస్టులో వేశాడు, ఫోటో తీయించడానికి సైకిలు మీద తీసుకుపోయాడు. కానీ తండ్రి ఎదుట నిలబడి చెప్పాల్సిన మాట వచ్చినప్పుడు ఎవరికీ చేతకాని పనిలా దాన్ని పక్కన పెడతాడు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు కాబట్టి ఎవరూ పైకి అనలేదు.

“నీకంత ఇబ్బంది అయితే పోకు,” అన్నాడు. “ఇప్పుడు మనకేం తక్కువున్నది?”

శరణమ్మ మంచం మీది చీరలన్నీ ఒక్కొక్కటే మడతపెట్టడం మొదలుపెట్టింది. నైలెక్సు చీరను అతని చేతిలోంచి తీసుకుని అది కూడా మడతపెట్టింది. పెట్టె తీసి వాటిని సర్ది, అడుగునుంచి గంజి పెట్టిన నారాయణపేట నూలు చీర పైకి తీసింది. బూడిదరంగు మీద సన్నని గళ్లు, ఎర్రటి అంచు.

“గిదా?” అంది బసమ్మ. “గిది సంతకు పోయేటప్పుడు కడ్తవు గద.”

“ఇది కట్టుకుంటే చీర సంగతి నాకు యాదికే రాదు. పాఠం యాదికుంటది.”

“మరి నెత్తి మీద?”

శరణమ్మ చీర మడత విప్పింది. విరూపాక్ష లేచి బయటికి వెళ్లాడు.

బసమ్మ తలుపు మూసి, కోడలి ముందు మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు పట్టింది. గంజి చీర కుచ్చిళ్లు వేళ్లకు లొంగలేదు. రెండుసార్లు విప్పి మళ్లీ పెట్టింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె తల కిందికే ఉంది.

“నీకు ఇగ నౌకరి ఏమిటికే?” అని అడిగింది అలాగే కిందికి చూస్తూ. “నిజం చెప్పు. ఇల్లు నచ్చలేదా?”

“ఇల్లు మంచిగనే ఉన్నది.”

“నేను మంచిగ లేనా?”

“మీరుండబట్టే ఎనిమిదేండ్లున్న.”

“మరి?”

శరణమ్మ ఆలోచించింది. “పొద్దుగాల లేస్తే, ఇయ్యాల నేనేం చేస్తనో నాకు ముందే తెలుసు అత్తమ్మా. బళ్లె అయితే తెల్వదు. ఏ పిల్ల ఏం అడుగుతదో.”

బసమ్మ లేచింది. తన మంగళసూత్రానికి తగిలించి ఉన్న పిన్నీసుల్లో పెద్దది తీసి, కోడలి ఎడమ భుజం మీద కొంగు మడతలు కలిపి గుచ్చింది. తర్వాత వెనక్కి వెళ్లి, వేలాడుతున్న కొంగును జానెలతో కొలిచింది.

“రెండు జానెలు ఎక్కువ ఇడిసిన. కప్పుకుంటే నెత్తిదాంక వస్తది. ఇడిస్తె నడుం కాడ దోపుకో,” అంది. “ఏం చేస్తవో నాకు చెప్పకు. నాకు తెలిస్తె ఆయనకు చెప్పాలె.”

*

బొంబాయి రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా గాలికి కొంగు ఎగిరింది. శరణమ్మ దాన్ని గడ్డం కింద పట్టుకుని నడిచింది. బజారులో ఆమె ఆ ఇంటి కోడలే. విరూపాక్ష పది అడుగులు ముందు నడిచాడు. గేటు దగ్గర ఆగి, “నేను ఇక్కడ్నే ఉంట” అన్నాడు.

వరండాలో బెంచీ మీద సంగారెడ్డి నుంచి వచ్చిన కుర్రాడొకడు కూర్చుని ఉన్నాడు. మూడో అభ్యర్థి రాలేదు. కుర్రాడు లేచి నిలబడి, చొక్కా అంచు చేత్తో పట్టుకుని అడిగాడు.

“అక్కా, షర్టు లోపలికి దోపాల్నా, బయటికి ఇడువాల్నా? మా బావ దోపమన్నడు. మా నాయిన దోపితే పొగరనుకుంటరన్నడు.”

“నీకెట్ల ఉంటే మంచిగనిపిస్తది?”

“నాకేం తెల్వదక్కా. నన్నెవరు అడగలె.”

“దోపుకో,” అంది శరణమ్మ. “రాసేటప్పుడు అడ్డం రాదు.”

అతన్ని ముందు పిలిచారు. అరగంట తర్వాత చెమటలు కక్కుతూ బయటికి వచ్చాడు. చొక్కా లోపలే ఉంది. “భాగీరథి!” అని లోపలినుంచి ఆడగొంతు పిలిచింది. తన పేరేనని గుర్తుపట్టడానికి శరణమ్మకు కొంచెంసేపు పట్టింది.

గడప బయట ఆగింది. కొంగును తలమీదినుంచి భుజం మీదికి జార్చి, కొసను నడుము దగ్గర దోపుకుంది. ఆ పని చేయడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. లోపలికి వెళ్లింది.

ఆరో తరగతి పిల్లలు పన్నెండుమంది బెంచీల మీద ఉన్నారు. వాళ్ల వెనక కమిటీ కుర్చీలు. ఐదింటిలో ఒకటి ఖాళీ. రామ్‌కిషన్ సారు ఆమెను ఒకసారి చూసి, తర్వాత ఖాళీ కుర్చీని చూశాడు.

“లేఖారచన చెప్పండి. మీ ఇష్టమైన విషయం తీసుకోండి,” అంది ఇన్‌స్పెక్టరమ్మ. ఆమె చీర కొంగు భుజం మీద ఇస్త్రీ చేసినట్టు ఉంది.

అప్పుడు వరండాలో దగ్గు వినిపించింది.

శరణమ్మకు ఆ దగ్గు తెలుసు. మహాదేవప్ప ఇంటి వాకిట్లో అడుగుపెట్టే ముందు అలాగే రెండుసార్లు దగ్గుతాడు. లోపల ఆడవాళ్లు కొంగు సర్దుకోవడానికి అది సూచన. ఆమె చెయ్యి దానంతట అదే లేచి నడుము దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. ఆమె ఆ చేత్తో బల్లమీది సుద్దముక్క అందుకుంది.

మహాదేవప్ప నేల చూపుతో లోపలికి వచ్చాడు. గోడ పక్కనుంచి నడిచి తన కుర్చీ దగ్గరకు వెళ్లాడు. కుర్చీని ఎత్తి, కిటికీ వైపు తిప్పి వేసుకుని, గదికి వీపు పెట్టి కూర్చున్నాడు.

“ఏమండీ, గాలి కోసమా?” అంది ఇన్‌స్పెక్టరమ్మ.

“ఆఁ, గాలికే.”

శరణమ్మ పాఠం మొదలుపెట్టింది. వ్యవసాయాధికారికి ఉత్తరం రాద్దామంది. మీ ఊళ్లలో పంటకు ఏం తెగులు పట్టిందని పిల్లల్ని అడిగింది. నలుగురు ఒక్కసారే “అల్లానికి టీచర్” అన్నారు. తేదీ ఎక్కడ వేయాలో, ఎవరిని ఏమని సంబోధించాలో చెప్పి, బోర్డు పైభాగాన పెద్ద అక్షరాలతో రాయసాగింది. ‘మా గ్రామమున అల్లము పంటకు తెగులు సోకినది. మొదట దుంప మెత్తబడుచున్నది.’

“దుంప కాదు,” అంది కిటికీ వైపునుంచి ఒక గొంతు.

పిల్లలు వెనక్కి తిరిగారు. శరణమ్మ సుద్ద బోర్డు మీదే ఆగింది.

“దుంప కాడికి వచ్చిందంటే పంట పోయినట్టే,” అన్నాడు మహాదేవప్ప కిటికీతో. “మొదలు ఆకు పసుపుగైతది. గప్పుడే చెప్పాలె ఆఫీసరుకు.”

గదిలో బసమ్మ లేదు. మాటను చేరవేయడానికి మధ్యలో ఎవరూ లేరు.

“మీది ఆకా, కింది ఆకా?” అంది శరణమ్మ బోర్డు వైపే చూస్తూ.

రామ్‌కిషన్ సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“కింది ఆకు,” అన్నాడు మహాదేవప్ప. “కొసకెంచి మొదలైతది.”

ఆమె రాసిన వాక్యం తుడిచి కొత్త వాక్యం మొదలుపెట్టింది. వెనక ఇన్‌స్పెక్టరమ్మ, “మీరు రాస్తూ ఉండండి, ఆపకండి” అంటూ సభ్యులకు మార్కుల కాగితాలు పంచింది. కలాలు కదిలాయి. కాసేపటికి ఆమె కాగితాలు తిరిగి తీసుకుంటూ ఒకచోట ఆగింది.

“మహాదేవప్పగారూ, నాలుగు గడులే నింపారు. ఐదోది ఖాళీగా ఉంది.”

“అది ఏం గడి?”

“వేషం, నడత. పది మార్కులు.”

“అది ఇడిసిన.”

“ఎందుకు?”

“చూడలె.”

“చూడకుండా ఇంతసేపూ ఏం చేశారు?”

“విన్న.”

ఒక పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. ఇన్‌స్పెక్టరమ్మ నవ్వలేదు.

“వినడానికి వేరే గడి ఉంది, అది నింపారు. ఇది ఖాళీగా పంపితే జిల్లా ఆఫీసులో కాగితం చెల్లదు. ఈమె పేరే కొట్టేస్తారు. ఇటు తిరిగి చూడండి. చూశాక సున్నా వేసినా మీ ఇష్టం. చూడకుండా మాత్రం వేయడానికి లేదు.”

కిటికీ బయట లారీ ఒకటి గేరు మార్చుకుని దూరంగా వెళ్లిపోయింది.

శరణమ్మ వీపు అందరికీ కనబడుతోంది. జుట్టు, మెడ, భుజం మీది పిన్నీసు అన్నీ కనబడుతున్నాయి. ఎడమ చెయ్యి ఖాళీగానే ఉంది. కొంగు కొస నడుము దగ్గరే ఉంది.

కిటికీ దగ్గర రాతిబండల మీద కుర్చీ కాళ్లు గీసుకున్న చప్పుడు వినిపించింది. ఒకసారి కాదు. కొంచెం కదిలి ఆగి, మళ్లీ కదిలింది. తర్వాత ఆగిపోయింది.

బోర్డు మీది వాక్యంలో ఇంకా రెండు మాటలు మిగిలి ఉన్నాయి. శరణమ్మ వాటిని తొందరపడకుండా రాసింది. సుద్దను బల్ల మీద పెట్టింది. చేతులు రెండూ పక్కలకు వదిలి, గదివైపు తిరిగింది.